జైలు తోటలో నేను ఓర్వలేకపోయిన మనిషి

జైలు తోటల్లో పని నేర్పే ఉద్యోగానికి కొత్తగా ఎంపికైన ఇద్దరు ఆ మధ్య నంద్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఏ మొక్కలు పెట్టాలి, ఖైదీలతో ఎట్లా మాట్లాడాలి, భయం వేస్తే ఏం చేయాలి అని అడిగారు. తెలిసింది చెప్పి, టీ ఇచ్చి పంపించాను. వాళ్లు వెళ్లాక, అసలు సంగతి చెప్పలేదే అనిపించింది. ఆ పనిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఖైదీలు కాదు, ఎండ కాదు, పైఅధికారులూ కాదు. నా ఈర్ష్య. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసిన జైలు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారికి కాస్త లోపలగా ఉండేది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. మనుషుల పేర్లు మార్చాను. జరిగినవి మార్చలేదు.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. తాతల కాలం నుంచి సేద్యమే. అయినా మా నాయనకు నా చేతి మీద నమ్మకం ఉండేది కాదు. నేను నాటిన నారు సగం ఎండిపోయేది, మా అన్న నాటింది అంతా నిలబడేది. ఒకరోజు నాయన నా చేతిలోని పార తీసుకుని, "నువ్వు సదువుకో నాయనా, మడికాడికి రావద్దు" అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. పట్టుదలకు పోయి తోటల చదువే చదివాను. ఆ శాఖలోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. కొన్నేళ్లకు జైలులో ఖైదీలకు తోటపని నేర్పే పోస్టు వస్తే, ఎవరూ పోమంటే నేను పోయాను.

లోపలి తోట వేరు

చేరిన మొదటి నెలలోనే కాకర పందిరి వేద్దామని కర్రలు, తాడు కావాలని కాగితం పెట్టాను. మా సూపరింటెండెంట్ పిలిపించాడు. ఆయన డోన్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఈ కర్రలు రెండు కలిపి కడితే ఎంత పొడవు వస్తుంది అని అడిగాడు. చెప్పాను. మన గోడ ఎత్తు ఎంత అని అడిగాడు. అదీ చెప్పాను. కాగితం నా వైపు తోసి వేరే ఫైలు తీసుకున్నాడు. ఆ తర్వాత నేనెప్పుడూ పందిరి మాట ఎత్తలేదు. పాకే తీగలు వదిలేసి వంగ, టమాట, గోరుచిక్కుడు, ఆకుకూరలతో సరిపెట్టుకున్నాం.

పురుగుమందు సీసా గేటు దాటకూడదు. ఎవరైనా తాగుతారని. వేపగింజల కషాయం ఒక్కటే మాకు దిక్కు. ప్రతి పారకూ ప్రతి కొడవలికీ నంబరు ఉంటుంది. సాయంత్రం ఒక్కటి కనబడకపోయినా అది దొరికేదాకా అందరూ మడిలోనే నిలబడాలి. మీరూ నిలబడాలి. ఇవన్నీ మొదట చికాకు పుట్టిస్తాయి, తర్వాత అలవాటవుతాయి.

మా పనికి ఫైళ్లలో ఉద్యాన చికిత్స అని పేరు. ఖైదీలు మట్టిపని అనేవాళ్లు. నిజానికి మొదట్లో నాకు ఆ చికిత్స అనే మాట మీద నమ్మకం లేదు. చూసిన తర్వాత కుదిరింది. నిద్రపట్టని మనిషి పొద్దంతా నల్లరేగడి తవ్వి రాత్రి నిద్రపోయాడు. ఎవరితోనూ పడని మనిషి కొత్తిమీర చల్లి, మొలకలు వచ్చాయా అని వారం రోజులు పక్కవాణ్ణి వెంటబెట్టుకుని వంగి చూశాడు. లోపల రోజులన్నీ ఒకటే. రేపు చూడడానికి ఏదో ఒకటి ఉండడమే వాళ్లకు పెద్ద సంగతి. అందరూ బాగుపడతారని మాత్రం అనుకోవద్దు. అప్పీలు కొట్టేశారని తెలిసిన రోజు ఒకాయన తాను పెంచిన టమాట మడి మొత్తం పీకేశాడు. నేను ఆపబోతే సూపరింటెండెంట్ నా భుజం పట్టుకుని, పీకనీ అన్నాడు. మనుషుల్ని పీకడం కంటే అది నయమని ఆయన ఉద్దేశం. ఆయన దగ్గర నేను నేర్చుకున్న వాటిలో అదొకటి.

మాట పలకని కాశన్న

కాశన్న పగిడ్యాల వైపు రైతు. గట్టు దగ్గర జరిగిన కొట్లాటలో పక్క పొలం మనిషి ప్రాణం పోయింది, ఈయనకు యావజ్జీవం పడింది. లోపలికి వచ్చినప్పటి నుంచి మాట మానేశాడు. పిలిస్తే వస్తాడు, తినమంటే తింటాడు, నోరు విప్పడు. నెలకోసారి వచ్చే మానసిక వైద్యుడు, తోటలో కూర్చోబెట్టి చూడండి అన్నాడు. కూర్చోబెట్టాను. వేపచెట్టు నీడన, మడి గట్టు మీద, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చునేవాడు.

ఆయన్ని మాట్లాడించాలని నేను పడని పాటు లేదు. పక్కన కూర్చుని విత్తనశుద్ధి గురించి చెప్పేవాణ్ణి. ఎరువుల గురించి చెప్పేవాణ్ణి. మనసు గట్టి చేసుకోమని, ఇంటివాళ్లను తలుచుకోమని చెప్పేవాణ్ణి. ఏడాది దాటింది. ఒక్క మాట రాలేదు. ఆ మనిషి నాతోనే మొదటి మాట మాట్లాడతాడని, ఆ సంగతి వైద్యుడికి నేనే చెబుతానని ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఆ కోరికలో ఆయన ఎంత ఉన్నాడో నేను ఎంత ఉన్నానో ఇప్పుడు తెలుస్తోంది.

పరుపులు కుట్టేవాడు

మాబు శిరివెళ్ల మనిషి. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం వాళ్ల వృత్తి. నాయన పోయాక అన్నదమ్ములిద్దరూ ఒకే అంగడిలో పనిచేసేవాళ్లు. ఒక సాయంత్రం అంగడిలోనే గొడవపడి, దూది కొట్టే కట్టెతో తమ్ముడి తల మీద కొట్టాడు. తమ్ముడు బతకలేదు. అప్పటికప్పుడు రేగిన కోపం అని కోర్టు కాగితాల్లో ఉంది. ఎందుకు రేగిందో అందులో లేదు.

తోటకు పంపినప్పుడు మాబుకు వంగనారుకూ మిరపనారుకూ తేడా తెలియదు. నాకది నచ్చింది. తెలియనివాడికి నేర్పడం సుఖం. ఒక ఉదయం వంగనారు ఇచ్చి, సాయంత్రం నాటాలని చెప్పి, నేను స్టోరుకు పోయాను. తిరిగివచ్చేసరికి మిట్టమధ్యాహ్నం ఎండలో కాశన్న ఎదురుగా చతికిలబడి గుంట తీస్తున్నాడు. తీస్తూ కాశన్నను అడుగుతున్నాడు. ఇంత లోతు సరిపోతుందా అని. జవాబు లేదు. మరికాస్త తవ్వి, ఇంత సరిపోతుందా అని మళ్లీ అడిగాడు. గుంట మోచేతి దాకా పోయింది. నేను నవ్వుకుంటూ దగ్గరికి వస్తున్నాను, ఇంకో పది అడుగులు ఉంది. అప్పుడు కాశన్న నోరు తెరిచాడు.

"శవాన్ని పూడ్సినట్ల పూడుస్తాండావ్. ఏలెడు లోతు సాలు. పొద్దు వాలనీ, ఇంత ఎండలో పెడితే సస్తాది."

మాబు సరే పెద్దాయనా అని గుంట పూడ్చుకున్నాడు. అతనికి అందులో వింతేమీ లేదు. అడిగాడు, ఆయన చెప్పాడు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. సంతోషపడవలసిన క్షణం. ఏడాదిగా ఎదురుచూసిన మాట. నాకు కడుపులో మంట పుట్టింది. ఇంకెవరిదో అయితే సిగ్గుపడి దాచేవాణ్ణేమో, నా సంగతే గనుక రాస్తున్నాను. ఆ రోజు నేను వైద్యుడికి ఫోను చేయలేదు.

తర్వాత వాళ్లిద్దరూ ఒక జట్టు అయ్యారు. కాశన్న గట్టు మీద కూర్చుని చెప్పేవాడు, మాబు చేసేవాడు. వంగలో కాయ తొలిచే పురుగు ముందు కొమ్మ కొనలో చేరుతుంది. కొన వాలిపోతుంది. ఆ వాలిన కొనలను రోజూ తుంచి తీసేస్తే పురుగు కాయలకు పోదు. ఇది నేను పాఠంగా అందరికీ చెప్పిందే. ఎవరూ చేయరు, విసుగు. మాబు చేశాడు. దూదిలో గింజ ఏరిన వేళ్లు అవి. పొద్దున్నే ప్రతి మొక్క దగ్గరా వంగి, ఆకు కూడా నలగకుండా వాలిన కొనను గిల్లేవాడు. మూడు నెలలకు అతని మడి వంకాయలు నిగనిగలాడుతూ దిగాయి. పక్కనే నేను దగ్గరుండి చేయించిన మడిలో సగం పుచ్చులు.

జైలు చూడడానికి జడ్జిగారు వచ్చారు. ఈ మడి ఎవరిది అని ఆగి అడిగారు. సూపరింటెండెంట్ మాబును ముందుకు పిలిచాడు. నేను వెనక నిలబడ్డాను. ఇంటికి ఓ పూట ఆ వంకాయలు కొనుక్కుపోతే, మా ఆవిడ కూర చేసి, ఇవి నువ్వు పెంచినవి కాదు కదా అంది. మంచిగానే అంది. ఆ పూట నేను మజ్జిగన్నం తిని లేచాను.

మడులు మార్చే నెపంతో మాబుకు గోడ పక్క చవుడు నేల ఇచ్చాను. అక్కడ గడ్డి కూడా సరిగా మొలవదు. అతను వంటశాల నుంచి కూరగాయల తొక్కులు, బూడిద మోసుకొచ్చి, కాశన్న చెప్పినట్టు పొరలు పొరలుగా వేసి మాగబెట్టాడు. తర్వాతి పంటకు ఆ చవుడులోనూ వంగ నిలబడింది. అది చూసి నేను సంతోషించలేదని వేరే చెప్పక్కరలేదు. ఆ రోజుల్లో పొద్దున గేటు దాటగానే నా కళ్లు ముందు అతని మడి మీదికే పోయేవి. ఒక్క మొక్కయినా వాడిందేమోనని.

శుక్రవారం బల్ల

పండిన కూరగాయలు వంటశాలకు పోగా మిగిలినవి శుక్రవారం నాడు గేటు బయట బల్ల వేసి అమ్మేవాళ్లం. ఒక వార్డరు, నేను కూర్చునేవాళ్లం. ఒక శుక్రవారం ముసలామె ఒకతె వచ్చి, అన్ని గంపలూ చూసి, ఏదీ ముట్టుకోకుండా నిలబడింది. ఏం కావాలమ్మా అన్నాను.

"పరుపులు కుట్టేటోడు పెంచింది యాది నాయనా?"

వంకాయల గంప చూపించాను. కాయ కాయ చేతిలోకి తీసుకుని చూసి, కొన్ని కొంగులో వేసుకుంది. ఆమె ఖాసింబీ, మాబు తల్లి. కొడుకు తోటపని చేస్తున్నాడని విడుదలై ఊరికి వచ్చిన ఒకతను చెప్పాడట. చంపినవాడికీ చచ్చినవాడికీ ఆమే తల్లి. చిన్న కోడలితో, ఆమె పిల్లలతో కలిసి శిరివెళ్లలోనే ఉంటోంది. జైలుకు వచ్చి కొడుకును ఒక్కసారీ చూడలేదు. ములాఖత్ రోజుల్లో మాబు పేరు ఎవరూ పిలిచేవాళ్లు కాదు. చూసిపోతావా అమ్మా, లోపలికి చీటీ పంపిస్తా అన్నాను. తల అడ్డంగా ఊపి ఆటో ఎక్కింది. అయినా మరుసటి శుక్రవారం వచ్చింది. ఆ తర్వాతదీ. ఆ వంకాయలు ఎక్కడివో ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

ఈ సంగతి మాబుకు చెప్పడం నా పని. నేను చెప్పలేదు. మూడు వారాలు నాలోనే ఉంచుకున్నాను. అతనికి మంచి పేరు ఉంది, కాశన్న ఉన్నాడు, ఇప్పుడు తల్లి కూడానా అనిపించింది. చివరికి వార్డరు చెప్పాడు. అప్పటి నుంచి గురువారం సాయంత్రం గంపకు మాబే కాయలు ఏరేవాడు. ఒక్క పుచ్చు ఉండేది కాదు.

నేను రాసిన సిఫారసు

ఆ ఏడాది, నడవడిక బాగున్న ఖైదీలను ఆరుబయలు జైలుకు పంపడానికి పేర్లు అడిగారు. అక్కడ గోడలు ఉండవు, కట్టుబాట్లు తక్కువ, శిక్షలో రోజులు ఎక్కువ తగ్గుతాయి. చాలామంది దానికోసమే కాచుకుని ఉంటారు. కానీ అది వేరే జిల్లాలో ఉంది. శిరివెళ్ల నుంచి పోవాలంటే ఒక పూట ప్రయాణం, నంద్యాలలో ఒకసారి, డోన్‌లో ఒకసారి బస్సు మారాలి.

నేను మాబు పేరు రాశాను. నా ఉద్యోగంలో అంత గొప్పగా ఎవరి గురించీ రాయలేదు. క్రమశిక్షణ, ఓర్పు, తోటివారిపై మంచి ప్రభావం, చవుడు నేలను సాగులోకి తెచ్చిన వైనం, అన్నీ రాశాను. ఒక్క అబద్ధం లేదు. రెండు పేజీలు రాసిన తర్వాత కలం మూసి, ఇక ఇతను నా తోటలో ఉండడు అనుకున్నాను. ఆ నిమిషంలో నాకు దొరికిన హాయి ఇప్పటికీ గుర్తుంది.

ఖైదీ ఒప్పుకుంటేనే పంపుతారు. మాబు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నన్ను ఈడనే ఉండనీయండి. మా యమ్మ వస్తాంది. సూడదు, మాట్లాడదు, అయినా వస్తాంది. ఆడికి రాల్యాదు."

ఇది అతని మేలుకేనని చాలాసేపు చెప్పాను. త్వరగా బయటపడతావని, అప్పుడు తల్లిని రోజూ చూసుకోవచ్చని చెప్పాను. అతను తల ఊపలేదు. అప్పుడు, వద్దంటే ఫైలులో చెడుగా పడుతుందని, ముందుముందు విడుదలకు కూడా అడ్డమవుతుందని అన్నాను. అది అబద్ధం. అట్లాంటి నియమం ఏదీ లేదు. అతనికి చదువు లేదు, నా మాట నమ్మాడు. మరుసటి రోజు వేలిముద్ర వేశాడు.

వెళ్లే రోజు కాశన్న చేతులు పట్టుకున్నాడు. నాకు నమస్కారం పెట్టాడు. నా ముఖంలోకి ఒక క్షణం ఎక్కువగా చూశాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తన చేతికింద బంగారంలాంటి పనివాణ్ణి వాడి మేలు కోసం వదులుకున్నాడని సూపరింటెండెంట్ నలుగురిలో అన్నాడు. నేను కాదనలేదు.

ఆ తర్వాత

కాశన్న మళ్లీ మాట మానేశాడు. మడి గట్టు మీదికి కూడా రానన్నాడు, బ్యారక్‌లోనే గోడవైపు తిరిగి పడుకునేవాడు. మాబు మడిని ఇంకొకరికి అప్పగించాను. రెండు వారాల్లో పురుగు కాయలకు చేరింది.

ఖాసింబీ శుక్రవారం వచ్చింది. గంపలు చూసింది. యాది నాయనా అని అడిగింది. మీ వాణ్ణి వేరే జైలుకు పంపారమ్మా, మంచి జైలు, అన్నాను. ఎంత దూరం అంది. చెప్పాను. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఈ వారం లోపలికి పోయి సూసొద్దామని వచ్చినాప్పా," అంది.

ఆ ఒక్క మాటతో నేను చేసింది ఏమిటో నాకు తెలిసింది. అంతకుముందు తెలియదని కాదు. తెలిసినా, దాన్ని చూడనట్టు తప్పుకుని తిరగగలిగాను. ఆ రోజు దానికి ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. సూపరింటెండెంట్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వేలిముద్ర ఎట్లా వేయించానో కూడా. ఆయన తిరిగి రప్పించడం తన చేతిలో లేదని, అయినా రాసి చూస్తానని చెప్పాడు. నన్ను తిట్టలేదు. ఇంతకాలం మాబు నీ దగ్గర పనిచేశాడు కదా, వాణ్ణి ఒక్కసారైనా ఏదైనా అడిగి తెలుసుకున్నావా అని మాత్రం అడిగాడు. ఆయన రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

డోన్ మీదుగా

చేయగలిగింది ఒకటే కనిపించింది. సెలవు పెట్టి శిరివెళ్ల పోయి, నేను తీసుకుపోతానమ్మా అన్నాను. ఖాసింబీ అప్పటికప్పుడు లేచింది. నంద్యాలలో బస్సు మారి, డోన్‌లో ఇంకోటి ఎక్కాం. డోన్ దాటాక ఆమె, నేను అడగకుండానే, చెప్పింది.

"సిన్నోడు పుట్టినప్పట్నుంచీ రోగిష్టి. వాణ్నే సూసుకున్యా. పెద్దోడు ఒకడుండాడని మర్సేపోయినా."

ఆరుబయలు జైలుకు ఒక పెట్రోలు బంకు ఉంది, ఖైదీలే నడుపుతారు. మాబును అక్కడ వేశారు. తోటలో పని ఉన్నా, అక్కడ మనుషులు నిండిపోయారట. నూనె మరకల చొక్కాతో, చేతిలో గొట్టంతో నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి గొట్టం పక్కవాడికి ఇచ్చాడు. ఇద్దరూ షెడ్డు నీడలో సిమెంటు దిమ్మె మీద కూర్చున్నారు. నేను దూరంగా నిలబడ్డాను. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. కాసేపటికి ఆమె ఏదో చెప్పడం మొదలుపెట్టింది, అతను ముఖం మోకాళ్లలో దాచుకున్నాడు, ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను చేసిన చెడుకు ఇది కొంత విరుగుడు అనుకుంటూనే, మా నాయన ఎప్పుడూ నా వీపు మీద చెయ్యి వేయలేదని గుర్తొచ్చింది. అక్కడ కూడా నాకు ఈర్ష్యే.

ఆమె నీళ్లు తాగడానికి లేచినప్పుడు మాబు నా దగ్గరికి వచ్చాడు. తల్లిని తెచ్చినందుకు చేతులు జోడించబోయాడు. ఆపాను.

"నీ మంచికి రాయల్యా మాబూ. నీ మీద ఓర్వల్యాక రాసినా. ఫైలు సంగతి కూడా అబద్ధం," అన్నాను.

అతను నేలవైపు చూసి, "తెలుసు సార్," అన్నాడు.

ఎట్లా తెలుసని అడిగాను.

"తమ్ముణ్ని నేను అట్లనే సూస్తాంటి. ఆ సూపు నాకు తెల్దా? మీరు కాయితం మీద రాసినారు. నేను కట్టె ఎత్తినా."

మళ్లీ పనికి పోయాడు. తిరుగు బస్సులో అతని మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. నేను గొప్ప చదువు చదివి, జీతం తీసుకుని, నేరస్థులను బాగుచేయడానికి పోయినవాణ్ణి. అతని చేతిలో కట్టె ఉండడం, నా చేతిలో కలం ఉండడం, ఆ ఒక్క తేడాయే మా ఇద్దరినీ గోడకు చెరో పక్క నిలబెట్టింది. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఖైదీని చూసి ఇతను ఇంత పని ఎట్లా చేశాడబ్బా అనుకునే రోజు వస్తుంది. ఆ రోజు మీ సంగతి ఒకసారి చూసుకోండి.

కాశన్న దగ్గర నేర్చుకున్నది

తర్వాతి నెలలో మిరపనారు పోశాను. మొలిచిన నాలుగో రోజుకు కాడలు మొదలు దగ్గర కుళ్లి వాలిపోయాయి. రెండోసారి పోశాను, అంతే. పుస్తకంలో ఉన్న విరుగుళ్లన్నీ చేశాను. మూడోసారి ఒక నారుపెట్టె ఎత్తుకుని బ్యారక్‌లోకి పోయి, కాశన్న మంచం పక్కన నేల మీద పెట్టాను. ఈసారి నీతులు చెప్పలేదు. మాట్లాడించాలనీ కాదు, నాకు నిజంగానే తెలియలేదు. ఎందుకు చస్తోందో చెప్పు కాశన్నా అని అడిగి కూర్చున్నాను. గోడవైపు ఉన్న మనిషి అరగంటకు ఇటు తిరిగాడు. నారుపెట్టెలో వేలు పెట్టి తడి చూశాడు.

"నీళ్లు ఎక్కువ పెడతాండావ్," అన్నాడు.

అంతే. మరుసటి ఉదయం గట్టు మీదికి వచ్చాడు. మాబుకు ఉన్న విద్య అదొక్కటే. తెలియదు గనుక అడిగాడు. లోపలికి వచ్చినప్పటి నుంచి కాశన్నకు అందరూ చెప్పేవాళ్లే, అడిగినవాడు లేడు. నా చదువు అడ్డం వచ్చి నాకు అది కనిపించలేదు. ఆ తర్వాత ఉద్యోగం మిగిలిన ఏళ్లన్నీ, కొత్తగా తోటకు వచ్చిన ప్రతి మనిషినీ ముందు ఏదో ఒకటి అడిగాను. వంట చేసేవాణ్ణి మెంతికూర ఎంత లేతగా కోయాలో అడిగాను, లారీ డ్రైవరును గంపలు ఎట్లా పేర్చాలో అడిగాను. కొందరు జవాబు చెప్పలేదు. చెప్పినవాళ్లలో చాలామంది మడి దగ్గర నిలబడ్డారు.

ఖాసింబీ ఆ తర్వాత కూడా మాబును చూడడానికి పోయేది. మొదట్లో నేను తోడు పోయాను. తర్వాత చనిపోయిన కొడుకు బిడ్డల్లో పెద్దదాన్ని వెంటబెట్టుకుని ఆమే పోవడం మొదలుపెట్టింది.

శిరివెళ్లలో అంగడి

ఆరుబయలు జైలులో తగ్గిన రోజులన్నీ కలిసి మాబు మామూలుకంటే ముందే విడుదలయ్యాడు. ఇదంతా నా చలవే అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నా ఈర్ష్య వల్ల ఒక మనిషి త్వరగా ఇల్లు చేరాడన్నది నిజం. ఎంతో ఆలస్యంగా దగ్గరైన తల్లిని ఆ ఈర్ష్యే మళ్లీ దూరం చేసిందన్నదీ నిజం. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని తుడిచేసుకోవడం నాకు చేతకాలేదు.

నేను రిటైరైన తర్వాత ఆళ్లగడ్డలో చిన్న నర్సరీ పెడదామని ఆలోచన వచ్చింది. మాబు తోడుంటే బాగుంటుందనిపించి శిరివెళ్ల పోయాను. రోడ్డు పక్క అంగడిలో పరుపు పరిచి అంచు కుడుతున్నాడు. గడ్డం సగం నెరిసింది. ఖాసింబీ లోపల కూర్చుని దూది విడదీస్తోంది. టీ తెప్పించాడు. నర్సరీ సంగతి చెప్పాను. నీ చెయ్యి ఉంటే చాలు, సగం నీది అన్నాను.

అతను సూది ఆపకుండానే విన్నాడు.

"వద్దు సార్. నాకు మొక్కలంటే అంత ఇది ల్యాదు. లోపలుండా కాబట్టి చేసినా. నాకు పరుపులే బాగుంటాయి."

అంగడి వెనక జానెడు ఖాళీ జాగా ఉంది. అక్కడ ఒక్క మొక్క కూడా లేదు. నా బతుకంతా పట్టుకుని వేలాడిన పని అతనికి ఊరికే వచ్చింది. వచ్చినదాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టేశాడు. పాత మంట మళ్లీ రేగింది. ఈ వయసులోనూ, ఇంత జరిగినా.

ఈసారి దాచలేదు. ఇప్పుడు కూడా నీ మీద ఓర్వలేకపోతున్నా మాబూ అని అతనితోనే అన్నాను. మాబు తల ఎత్తి నవ్వాడు. కొంచెం పక్కకు జరిగి, పరుపు ఆ పక్క అంచు జారిపోతోంది, పట్టుకోమన్నాడు. చెప్పులు విడిచి పైకి ఎక్కి పట్టుకున్నాను. ఎంత బిగువుగా లాగాలి అని అడిగాను. చెప్పాడు.